పొదిగే పెట్ట: గూడెం నుంచి కాప్రా దాకా

మన చరిత్ర రాయడానికి కూర్చున్నప్పుడు మనకు ముందుగా గుర్తొచ్చేవి అడవి, భూమి, పోరాటం. అవి రాయాల్సినవే. ఇంటి వెనక గంప కింద ఇరవై ఒక్క రోజులు కదలకుండా కూర్చునే పెట్ట గురించి మాత్రం ఎవరం రాయలేదు. ఈ వ్యాసం దాని గురించి.

దీనికి కారణం కాప్రాలో జరిగిన ఒక చిన్న సంగతి. మా వాళ్లలో ఒక కుటుంబం అక్కడ రేకుల ఇంట్లో అద్దెకు ఉంటుంది. పెరడు అనదగ్గది నాలుగు గజాల జాగా. అందులో మూడు పెట్టలు, ఒక పుంజు. డిగ్రీ చదివే అమ్మాయి ఒక సాయంత్రం గూడెంలో ఉన్న అవ్వకు ఫోన్ చేసింది.

"అవ్వా, ఎర్ర పెట్టకేదో రోగమొచ్చింది. మూడు రోజుల నుంచి గుడ్డు పెడతలేదు. గూట్లోంచి లేస్తలేదు. చెయ్యి పెడితే పొడుస్తుంది."

అవతల అవ్వ కాసేపు నవ్వి, "రోగం కాదు బిడ్డా, అది పొదుగుకొచ్చింది. నీకు ఇది కూడా తెల్వదా?" అంది.

ఆ మాట విని మేమూ నవ్వాం. తర్వాత నవ్వు రాలేదు. ఆ అమ్మాయి ముత్తవ్వ కోడిపిల్లలు అమ్మి కొడుకును బడికి పంపిన మనిషి. మూడు తరాలు గడిచేసరికి అదే ఇంటి పిల్లకు పొదుగుకొచ్చిన కోడి రోగం వచ్చిన కోడిలా కనిపించింది. తప్పు ఆ పిల్లది కాదు. మధ్యలో ఏం జరిగిందో తెలుసుకోవాలని మేం అప్పుడే అనుకున్నాం.

అడవి కోడి

ఇంటి కోడి అడవి కోడి సంతానం. మన దేశంలో అడవి కోళ్లు ప్రధానంగా రెండు రకాలు. ఎర్ర అడవి కోడి ఉత్తర, తూర్పు అడవుల్లో ఉంటుంది. బూడిద రంగు అడవి కోడి దక్షిణ, పశ్చిమ అడవుల్లో ఉంటుంది. తూర్పు కనుమల్లో ఈ రెండింటి సరిహద్దు మన గోదావరి ప్రాంతమే. గోదావరి అడవుల్లో తిరిగిన మన పెద్దలు ఈ రెండింటినీ ఎరుగుదురు.

2020లో శాస్త్రవేత్తలు ఎనిమిది వందలకు పైగా కోళ్ల జన్యువులను పోల్చి చూశారు. మయన్మార్, ఉత్తర థాయ్‌లాండ్, నైరుతి చైనా ప్రాంతాల్లో ఉండే ఎర్ర అడవి కోడి నుంచే ఇంటి కోడి ప్రధానంగా వచ్చిందని తేల్చారు. 2022లో వచ్చిన మరో పరిశోధన మధ్య థాయ్‌లాండ్‌లోని బాన్ నాన్ వాట్ అనే చోట దొరికిన ఎముకలను ఇప్పటిదాకా దొరికిన ఇంటి కోడి ఎముకల్లో పాతవిగా గుర్తించింది. వాటి కాలం క్రీస్తు పూర్వం 1650కీ 1250కీ మధ్య. వరి, చిరుధాన్యాల సాగు మొదలయ్యాక రాలిన గింజల కోసం అడవి కోడి మనిషి దగ్గరకు వచ్చిందని వాళ్ల అంచనా. పోడు చేసే మన వాళ్లకు ఇది కొత్త సంగతి కాదు. కోత అయ్యాక పోడులో అడవి కోళ్లు దిగడం మనం చూస్తూనే ఉన్నాం.

ఇంకో ముఖ్యమైన విషయం 2008లో తెలిసింది. కోడి కాళ్లకు, చర్మానికి పసుపు రంగునిచ్చే జన్యువు ఎర్ర అడవి కోడిది కాదు, బూడిద రంగు అడవి కోడిది. ఆ కలయిక బూడిద కోడి తిరిగే అడవుల అంచునే, ఊరి కోడి అడవి కోడితో కలిసే చోటనే జరిగి ఉండాలి. అంటే దక్షిణ దేశపు అడవి అంచు మనుషుల పెరళ్ల గుర్తు ఈరోజు ప్రపంచంలో పసుపు కాళ్ల కోడి ఉన్న ప్రతి చోటా ఉందన్నమాట.

అడవి పెట్ట గుడ్లు కొన్నే పెడుతుంది. పెట్టాక వాటిమీద కూర్చుంటుంది. ఆ గుణం మన నాటు పెట్టకు అలాగే వచ్చింది.

పుంజు చరిత్ర, పెట్ట చరిత్ర

తెలుగులో పుంజుకు పెద్ద చరిత్ర ఉంది. పన్నెండో శతాబ్దపు పల్నాడు కథలో బ్రహ్మనాయుడికీ నాగమ్మకూ మధ్య జరిగిన కోడిపందెం వల్లనే మలిదేవుడి వర్గం ఏడేళ్లు వలస పోవలసి వచ్చింది. పందెగాళ్ల దగ్గర కుక్కుట శాస్త్రం ఉంది. పుంజు ఈకల రంగును బట్టి కాకి, డేగ, నెమలి, సేతువ, పింగళ, కౌజు అని ఎన్నో పేర్లు ఉన్నాయి. ఏ రోజు ఏ రంగు గెలుస్తుందో కూడా రాసిపెట్టారు.

పెట్ట గురించి అలాంటి శాస్త్రం ఎవరూ రాయలేదు. ఎందుకంటే పుంజును పందేనికి తీసుకెళ్లింది మగవాళ్లు, పెట్టను పెంచింది ఆడవాళ్లు. పెట్ట శాస్త్రం అవ్వల నోట్లోనే ఉండిపోయింది.

మన పండుగల్లో కోడి లేని పండుగ తక్కువ. మేడారం జాతరలో తల్లులు గద్దెకు వచ్చే వేళ జనం కోళ్లను గాల్లోకి ఎగరేసి ఎదురుకోళ్లు ఇస్తారు. కొత్తల పండుగలో, విత్తనాల వేళ, చావులో, పెళ్లిలో కోడి కావాలి. గోండు ఇంట్లో కొర్, లంబాడీ ఇంట్లో కూకడి, పేరేదైనా అది ఇంటి లెక్కలో ఉండే జీవం. అందుకే మా ఇళ్లల్లో వెనకట గుడ్డు తినడం తక్కువ. గుడ్డు తింటే ఒక పూట కూర. పొదగేస్తే ఆరు నెలల్లో ఒక కోడి. లెక్క అంత సూటిగా ఉండేది.

ఆ లెక్క ఆడవాళ్ల చేతిలో ఉండేది. ఎడ్లు, మేకలు అమ్మితే డబ్బు మగవాడి మొలలోకి పోయేది. కోడి డబ్బు ఆడమనిషి కొంగులో ఉండేది. ఉప్పు, నూనె, పిల్లకు జ్వరమొస్తే మందు, బడి మొదలైతే పలక, నోటుపుస్తకాలు అందులోంచే. కోడి లేని ఇంటికి ఇంకో ఇంటివాళ్లు పెట్టను వాటాకు ఇచ్చేవాళ్లు. పెంచినవాళ్లు పిల్లలు అయ్యాక సగం ఉంచుకొని సగం తిరిగి ఇచ్చేవాళ్లు. కాగితం లేదు, వడ్డీ లేదు. కొత్తగా పెళ్లై వచ్చిన కోడలు చాలాసార్లు ఇలా వాటా పెట్టతోనే తన సొంత బతుకు మొదలుపెట్టేది. ఇదంతా ఒక్క గుణం మీద నడిచింది. పెట్ట తనంతట తాను పొదుగుతుంది.

పొదగేసే విద్య

అవ్వ ఫోన్‌లో చెప్పింది, మేం ఇంటింటా అడిగి తెలుసుకున్నది ఇక్కడ క్రమంగా రాస్తున్నాం. టీచర్లు పిల్లల చేత వాళ్ల ఇళ్లల్లో అడిగించి దీనికి ఇంకా కలపవచ్చు.

నాటు పెట్ట ఒక విడతకు పది నుంచి పదిహేను గుడ్లు పెడుతుంది. ఏడాదికి మూడు నాలుగు విడతలు, మొత్తం యాభై అరవై గుడ్లు. విడత అయ్యాక పొదుగుకొస్తుంది. గూట్లోంచి లేవదు. ఈకలు ఉబ్బించి గుర్రుమంటుంది. దగ్గరకు పోతే పొడుస్తుంది. రొమ్ము కింద ఈకలు రాలి చర్మం బయటపడుతుంది. ఆ వేడి చర్మమే గుడ్డుకు తగలాలి.

అవ్వలు వెంటనే గుడ్లు పెట్టరు. ఒకటి రెండు రోజులు చూస్తారు. నిజంగా కూర్చునేదా, లేచిపోయేదా అని పరీక్ష. తర్వాత గంపలో లేదా పాత కుండ పెంకులో ఇసుక, బూడిద పోసి, పైన ఎండు గడ్డి పరుస్తారు. వేపాకు, వావిలాకు, సీతాఫలం ఆకు వేస్తారు. కోడిపేలు పట్టకుండా ఉండడానికి ఇది. పేలు పడితే ఎంత మంచి పెట్ట అయినా గుడ్లు వదిలి లేచిపోతుంది. కొందరు గడ్డిలో ఇనుప ముక్క, బొగ్గు, ఎండుమిరపకాయ పెడతారు. ఉరుములకు గుడ్లు మురుగుతాయని నమ్మకం. ఉరుముల మాట ఎలా ఉన్నా, ఉరుములొచ్చే కాలపు ఉక్కపోత గుడ్డుకు మంచిది కాదన్నది మాత్రం నిజమే.

గుడ్లు వారం లోపలివై ఉండాలి. ఎండాకాలంలో ఇంకా తాజావి కావాలి. మరీ చిన్నవి, మరీ పెద్దవి, పెంకు పగిలినవి తీసేస్తారు. పెట్ట రెక్కల కింద ఎన్ని పడితే అన్నే. మా ఇళ్లల్లో తొమ్మిది, పదకొండు, పదమూడు అని బేసి లెక్కలో పెడతారు. చీకటి పడ్డాక పెడతారు. రాత్రి పెడితే పెట్ట బెదరదు.

అక్కడి నుంచి ఇరవై ఒక్క రోజులు. పెట్ట రోజుకు ఒకసారి లేస్తుంది. తింటుంది, నీళ్లు తాగుతుంది, దుమ్ములో పొర్లుతుంది, మళ్లీ వస్తుంది. ఆ కాసేపట్లో గింజలు, నీళ్లు దగ్గర్లో ఉంచాలి. రోజూ ముక్కుతో గుడ్లను తిప్పుకుంటుంది. యంత్రం ముప్పై ఏడున్నర డిగ్రీల దగ్గర పట్టి ఉంచే వేడిని పెట్ట ఒంటితో పట్టి ఉంచుతుంది. ఏడెనిమిది రోజులకు రాత్రి దీపం ముందు గుడ్డు పట్టి చూస్తే ఎర్రటి నరాలు కనిపిస్తాయి. ఏమీ లేకుండా తేటగా ఉంటే అది పిల్ల పడని గుడ్డు. తీసేయాలి. ఉంచితే మురిగి పగిలి మిగతావాటినీ పాడుచేస్తుంది.

తల్లి పని అక్కడితో అయిపోదు. రెండు మూడు నెలలు పిల్లలను వెంటేసుకొని తిరుగుతుంది. గద్ద నీడ పడితే కేకేస్తుంది. చెదలు ఎక్కడుంటాయో కాలితో గీకి చూపిస్తుంది. ఆ కాలమంతా గుడ్డు పెట్టదు. గుడ్ల వ్యాపారికి ఇది నష్టం. గూడేనికి ఇదే లాభం.

తల్లిని చూడని కోడి

గుడ్లను మనిషే పొదిగించడం కొత్త పని కాదు. ఈజిప్టులో రెండు వేల ఏళ్ల కిందటే మట్టి ఇటుకల పొయ్యిళ్లలో వేల గుడ్లు పొదిగించేవాళ్లు. చైనాలోనూ పొదిగించారు. అయినా ప్రపంచంలో ఎక్కువ కోళ్లు ఇరవయ్యో శతాబ్దం దాకా తల్లి కిందే పుట్టాయి.

ఇటలీ నుంచి అమెరికాకు పోయిన లెగ్‌హార్న్ కోడిని గుడ్ల కోసం తీర్చిదిద్దారు. పొదుగుకొచ్చే పెట్టలను తీసేస్తూ, పొదగని పెట్టల సంతానాన్నే ఉంచుతూ పోయారు. తరాలు గడిచాక పొదిగే గుణం దాదాపు పోయింది. 1935లో ఆస్కార్ రిడిల్ బృందం ప్రొలాక్టిన్ అనే హార్మోను పెట్టను పొదుగుకు కూర్చోబెడుతుందని చూపింది. తల్లిపాలను ఊరించేదీ ఆ హార్మోనే.

మన హైదరాబాద్ ఈ కథలో పెద్ద ఊరు. బండా వాసుదేవరావు 1971లో వెంకటేశ్వర హేచరీస్ స్థాపించారు. 1982లో జాతీయ గుడ్ల సమన్వయ కమిటీ కూడా ఆయన చొరవతో ఏర్పడింది. షెడ్డు కోడి ఏడాదికి మూడు వందల గుడ్ల దాకా పెట్టడం మొదలైంది. మధ్యాహ్న భోజనంలో, అంగన్‌వాడీలో మన పిల్లల కంచంలోకి గుడ్డు వచ్చిందంటే దీనివల్లే. ఆ మేలును మేం కాదనం. ఒకప్పుడు గుడ్డు తినలేని ఇళ్ల నుంచి వచ్చినవాళ్లం మేం.

పెరటి కోసం కూడా కొత్త కోళ్లు వచ్చాయి. రాజేంద్రనగర్‌లో 1988లో మొదలైన కోళ్ల పరిశోధనా సంస్థ వనరాజా, గ్రామప్రియ రకాలను తయారుచేసింది. అవి రంగురంగుల ఈకలతో నాటు కోడిలా కనిపిస్తాయి. తొందరగా బరువొస్తాయి. నాటు పెట్ట కంటే రెండు మూడు రెట్లు గుడ్లు పెడతాయి. అయితే వాటిలో పొదిగే గుణం లేనట్టే. అవి వేర్వేరు వంశాలను కలిపి చేసినవి కాబట్టి వాటి పిల్లలకు అవే గుణాలు నిలవవు. మళ్లీ కావాలంటే మళ్లీ కొనాలి.

మాలో ఒకరి గూడెంలో కొన్నేళ్ల కిందట ఒక పథకం కింద ఇలాంటి పిల్లలను పంచారు. మొదటి ఏడాది అందరికీ సంతోషం. గుడ్లు బాగా వచ్చాయి. పెట్టలు పొదుగుకొస్తాయని ఆడవాళ్లు ఎదురుచూశారు. రాలేదు. ఎవరూ ముందే ఆ సంగతి చెప్పలేదు. కొక్కెర తెగులుకు కొన్ని పోయాయి, పిల్లులకు కొన్ని. రెండేళ్లకు గంపలు ఖాళీ. అప్పటికి నాటు పెట్టలను చాలామంది అమ్మేసుకున్నారు. వాటాకు ఇవ్వడానికి ఎవరి దగ్గరా పెట్ట లేదు. విత్తనాల విషయంలో మనకు జరిగిందే కోడి విషయంలోనూ జరిగింది. ఒక ఇంట్లో మాత్రం ముసలి నాటు పెట్ట ఒకటి మిగిలింది. ఆ ఇంటావిడ కొత్త కోళ్ల గుడ్లను దాని కింద పెట్టి పొదిగించింది. గూడెంలో మళ్లీ కోళ్లు కనిపించింది ఆ ఒక్క పెట్ట వల్లే.

కాప్రా పెరట్లో

కాప్రా కూడా మొన్నటిదాకా చెరువు, పొలాలు ఉన్న ఊరే. 1967లో ఈసీఐఎల్, తర్వాత కొద్ది ఏళ్లకు అణు ఇంధన సంస్థ వచ్చాయి. నాచారం, మల్లాపూర్, చర్లపల్లిలో కంపెనీలు వచ్చాయి. ఉద్యోగుల కాలనీలు వెలిశాయి. మున్సిపాలిటీగా ఉన్న కాప్రా 2007లో మహానగరంలో కలిసింది. కంపెనీల్లో కూలికి, మేస్త్రీ పనికి, ఇళ్లల్లో పనికి, చదువుకు తండాల నుంచి, గూడేల నుంచి మన వాళ్లు వచ్చారు. వస్తూ వస్తూ గంపలో పెట్టను తెచ్చుకున్నవాళ్లూ ఉన్నారు.

నగరంలో కోడికి చోటు తక్కువ. పుంజు తెల్లవారుజామున కూస్తే పక్కింటివాళ్లు గొడవకొస్తారు. ఇంటివాళ్లు ఖాళీ చేయమంటారు. 2015 ఏప్రిల్‌లో హయత్‌నగర్ మండలం తొర్రూరులో బర్డ్ ఫ్లూ బయటపడినప్పుడు తూర్పు హైదరాబాద్‌లో పెరటి కోడిని చూస్తేనే జనం భయపడ్డారు. ఆ భయంలో న్యాయం లేకపోలేదు. కోళ్లు గుంపుగా ఒక్కసారి చనిపోతే దాచకుండా పశువైద్యశాలకు చెప్పాలి. చనిపోయిన కోడిని వండుకోకూడదు, చెరువులో వేయకూడదు. నగరంలో కోడిని పెంచేవాళ్లకు ఈ బాధ్యత తప్పదు.

ఇక పొదుగుకొచ్చిన పెట్టను ఏం చేయాలి? జాగా, పుంజు, ఓపిక ఉంటే పొదగేయండి. పుంజు లేకపోతే పొరుగు ఇంటి నుంచి పుంజు తిరిగిన పెట్టల గుడ్లు తెచ్చి పెట్టొచ్చు. దుకాణంలో కొన్న షెడ్డు గుడ్లు మాత్రం ఎంత పొదిగినా పిల్లలు కావు. అక్కడ పుంజు ఉండదు. ఒక విద్యార్థి అలా పన్నెండు గుడ్లు పెట్టి ఇరవై ఒక్క రోజులు లెక్కపెట్టాడు. అది తలుచుకుంటే ఇప్పటికీ అతను సిగ్గుపడతాడు. మనం మాత్రం అతన్ని చూసి నేర్చుకున్నాం. మే నెల రేకుల ఇంట్లో పొదగేయొద్దు. దీపావళి తర్వాత నుంచి మాఘం దాకా మంచి కాలం.

పొదగేయడం కుదరకపోతే పెట్టను ఊరికే కూర్చోనివ్వొద్దు. ఉత్త గూట్లో వారాలు కూర్చుంటే చిక్కిపోతుంది. పాతకాలంలో కొందరు నీళ్లలో ముంచేవాళ్లు, తిండి పెట్టకుండా గంప కింద మూసేవాళ్లు, ముక్కులో ఈక గుచ్చేవాళ్లు. పెద్దలు చేసిందంతా ఒప్పని మేం అనం. ఇవి హింస, అవసరం కూడా లేదు. గుడ్లు వెంటనే తీసేయాలి. పెట్టను గూటి నుంచి దూరంగా, అడుగున జాలీ ఉన్న బోనులో, గాలీ వెలుతురూ ఉన్న చోట పెట్టాలి. తిండి, నీళ్లు మామూలుగా ఇవ్వాలి. కింద నుంచి రొమ్ముకు గాలి తగిలితే ఆ వేడి దిగుతుంది. మూడు నాలుగు రోజుల్లో చాలా పెట్టలు మామూలవుతాయి. కొన్ని వారాల్లో మళ్లీ గుడ్లకొస్తాయి. లేదంటే పాత పద్ధతే ఉంది, పొదగేసే ఇంటికి వాటాకు ఇవ్వండి.

ఆ అమ్మాయి చేసింది ఇదే. ఎర్ర పెట్ట కింద తమ గుడ్లు ఐదు, నాచారంలో ఉన్న మేనత్త ఇంటి నుంచి తెచ్చినవి ఆరు పెట్టింది. అవ్వ రోజూ ఫోన్‌లో అడిగేది. ఏడో రోజు రాత్రి సెల్‌ఫోన్ లైటు మీద గుడ్డు పట్టి నరాలు చూసింది. రెండు గుడ్లు తీసేసింది. ఇరవై ఒకటో రోజు ఏడు పిల్లలు లేచాయి. ఒకటి పిల్లికి పోయింది. మూడు మేనత్తకు వాటా కింద ఇచ్చింది.

టీచర్లకు, యువతకు మేం అడిగేది పెద్దదేమీ కాదు. మీ ఊళ్లో పొదిగే నాటు పెట్టలు ఎన్ని మిగిలాయో ఇంటింటా తిరిగి లెక్క రాయండి. ఏ అవ్వ దగ్గర ఏ పెట్ట ఉందో, అది ఎక్కడి నుంచి వాటాకు వచ్చిందో, దాని తల్లి ఎవరిదో అడగండి. మీ భాషలో పొదగడానికి, తేట గుడ్డుకు, మురిగిన గుడ్డుకు, పిల్లల కోడికి ఏ మాటలున్నాయో రాసుకోండి. ఏ పథకం కిందైనా కోళ్లు పంచితే తీసుకునే ముందు ఒక్క ప్రశ్న వేయండి, ఇవి పొదుగుతాయా అని. పొదగవంటే తీసుకోవద్దని మేం చెప్పం. ఇంట్లో ఉన్న నాటు పెట్టను మాత్రం అమ్ముకోవద్దు.

కాప్రాలో ఎర్ర పెట్ట మళ్లీ గుడ్లకొచ్చింది. ఈ విడత గుడ్లు ఎవరి కింద పెట్టాలో అవ్వా మనవరాలూ ఇంకా తేల్చుకోలేదు.